గుమ్మం పక్క ఉప్పు

పందెపు గుర్రం హోతరుబి మళ్లీ ఓడింది. చెర్రీలు పూసే వేళ ఆడగుర్రాల పెద్ద పందెంలో అందరినీ వెనక్కి నెట్టి కప్పు కొట్టిన పిల్ల, ఆకులు ఎర్రబడేసరికి ఒళ్లు చేసి చివరి మలుపులో చతికిలబడుతోంది. ఆదివారం కూడా ఇంతే అయితే పరుగులు మాన్పించి, ఈనడానికి హొక్కైడోలోని గుర్రాల పెంపకశాలకి పంపేస్తానని యజమాని తేల్చి చెప్పాడు.

దాన్ని మొదటినుంచీ సాకుతున్న తొకుజోకి గుండెల్లో రాయి పడింది. మేత తనే తూచి పెడుతున్నాడు. మరి పందెం రోజు గుర్రాల బరువులు రాసే బోర్డు మీద దాని బరువెలా పెరుగుతోంది? నీళ్ల తొట్టి ఎప్పుడు చూసినా ఖాళీ, దానికంత దాహమేంటి? ఎవరో ఏదో కలుపుతున్నారు. ఆ ఎవరో కురోసేనే అయ్యుండాలి. పక్క గుర్రాన్ని చూసుకునే ఈ కురోసే, పనేమీ లేకపోయినా హోతరుబి గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటాడు. ముసలి తొకుజో తప్పుకుంటే గుర్రం తనకొస్తుందని ఆశ కాబోలు. నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి. అలాంటి నవ్వును తొకుజో చచ్చినా నమ్మడు.

కీడు సోకకుండా గుమ్మం పక్క చెక్క మీద పళ్లెంలో రోజూ ఉప్పు కుప్ప పోయడం తొకుజో అలవాటు. ఓడిన ప్రతిసారీ కుప్ప పెంచాడు. మంగళవారం వచ్చి చూస్తే ఆ ఉప్పు పళ్లెం కురోసే చేతిలో ఉంది.

"దొరికావురా! నా గుర్రానికి కీడు తగలాలనేగా ఇది తీసేస్తున్నావు?"

"అది కాదు పెద్దాయనా, ఈ ఉప్పు..."

"నోర్ముయ్! తొట్లో ఏం కలుపుతున్నావో అది చెప్పు ముందు!"

కురోసే నవ్వు ఆగిపోయింది. "సరే. నీకు తోచిందే అనుకో."

పళ్లెం అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా సంగతి కొట్టాలన్నీ పాకింది. కురోసే పక్కన కూర్చుని ఎవరూ టీ తాగలేదు.

మర్నాడు దొంగను అక్కడికక్కడే పట్టుకుందామని తొకుజో గడ్డిమోపుల వెనక నక్కాడు. కురోసే రాలేదు. హోతరుబి మాత్రం అడ్డకర్ర మీదుగా మెడ చాచి, ఉప్పంతా తీరిగ్గా నాకేసింది. ఆపైన తొట్లో మూతి పెట్టి అడుగంటేదాకా తాగింది. తాగి, మళ్లీ పళ్లెం వైపు చూసింది.

తొకుజో సిగ్గుతో చచ్చిపోయాడు. పళ్లెం తీసి పారేశాడు.

ఆదివారం బోర్డు మీద బరువు తగ్గింది. జనం ముందు గుర్రాన్ని తిప్పడానికి అటొకరు ఇటొకరు తాడు పట్టాలి. తొకుజో రెండో తాడు కురోసేకి అందించి, "తప్పు నాదేరా" అని గొణిగాడు. కురోసే తాడు అందుకున్నాడు కానీ ముఖం తిప్పి చూడలేదు.

హోతరుబి గెలిచింది. తొకుజో ఏడుస్తూ కురోసే చెయ్యి పట్టుకోబోయాడు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గొణిగితే ఎలా పెద్దాయనా? తిట్టినప్పుడు గొంతు బాగానే లేచిందిగా."