ఎడమ చేతి అంచు

ఐదు నిమిషాల పని అనుకుంది స్వరాజ్యం. పంజాగుట్ట చౌరస్తా దగ్గరి డిస్కౌంట్ మార్టులో నూనె ప్యాకెట్ల మీద తగ్గింపు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. అమీర్‌పేటలోని తన కుట్టు గది నుంచి శ్రీనగర్ కాలనీకి వెళ్లే దారిలోనే ఆ దుకాణం. అప్పటికి మూడున్నర. ఆరింటికి అక్కడ, తన దగ్గర కుట్టించుకునే హైందవి నిశ్చితార్థం. హైందవి కట్టుకోబోయే చీర మీది జాకెట్టు స్వరాజ్యం భుజానున్న సంచిలో ఉంది. ఐదు నిమిషాలు ఎంతసేపు?

గుమ్మం దగ్గరే తొలి చిక్కు.

“సంచి లోపలికి రాదమ్మా. గా కౌంటర్ల పెట్టి టోకెన్ తీస్కో,” అన్నాడు కాపలా మనిషి.

కౌంటరు వెనక సంచుల మీద సంచులు, వాటి మీద హెల్మెట్లు. పన్నెండు రోజులు మగ్గం మీద పూసలు కుట్టించిన ముదురెరుపు పట్టు ఆ బరువుల కింద నలగడాన్ని స్వరాజ్యం ఊహించుకోలేకపోయింది. సంచి ఇచ్చేసింది. జాకెట్టును మాత్రం కవరుతో సహా బయటికి తీసి, ట్రాలీలో పిల్లలు కూర్చునే చోట, మడత చెదరకుండా పడుకోబెట్టింది.

లోపల నెల మొదటి ఆదివారం. పప్పుల దగ్గర జనం, సబ్బుల దగ్గర జనం, బియ్యం దగ్గర బియ్యం కనబడనంత జనం. ఎవరూ నడవడం లేదు. ఒకరి వెనక ఒకరు జరుగుతున్నారు. ఉప్పు వేసుకుంది. చాయ్‌పత్తా వేసుకుంది. నూనె వరుస మలుపులో ట్రాలీ ఆగిపోయింది.

“ట్రాలీలు బయట్నే పెట్టున్రి! మనుషులకే జాగ లేదు ఈడ!” అని లోపలి నుంచి ఎవరో అరుస్తున్నారు.

పెట్టింది. వెళ్లింది. మోచేతుల మధ్య నుంచి చెయ్యి చాపి రెండు ప్యాకెట్లు అందుకుంది. తిరిగి వచ్చింది.

ట్రాలీ లేదు.

పక్కన ఒక ట్రాలీ ఉంది. అందులో అటుకులు, చీపురు. దాని వెనక ఇంకొకటి. అందులో పాపాయి, పాపాయి ఒళ్లో బిస్కెట్లు. స్వరాజ్యం ఒక్కో ట్రాలీలోకి తొంగి చూస్తూ నడిచింది. తర్వాత పరుగెత్తింది. వాళ్ల చక్కెర, వాళ్ల చింతపండు, వాళ్ల ఇంటి గుట్టంతా కళ్లబడుతోంది. తన ఎరుపు మాత్రం ఎక్కడా లేదు.

“ఏందమ్మా, మా సామాను లెక్క చూస్తున్నవ్?” అన్నాడొకాయన.

ఫోన్ మోగింది. హైందవి.

“అక్కా, ఎక్కడున్నవ్? పార్లరామె వచ్చి కూసున్నది. బ్లౌజు లేక చీర కట్టుడు ఆగింది.”

“వస్తున్న బిడ్డా. దారిలనే ఉన్న.”

అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇంకో జాకెట్టు వేసుకొమ్మని చెప్పే వీలు లేదు. చిన్నప్పుడు మెట్ల మీది నుంచి పడ్డ నాటి నుంచి హైందవి కుడి భుజం ఎడమదాని కంటే అంగుళం కిందికి ఉంటుంది. ఈ జాకెట్టు కుడి భుజం లోపల, అస్తరుకూ పట్టుకూ నడుమ, దూది మెత్త ఒకటి పెట్టి కుట్టింది స్వరాజ్యం. కొలతలిచ్చిన రోజు గది తలుపు మూసి మరీ హైందవి అన్న మాట చెవిలోనే ఉంది. “పెండ్లికొడుక్కు చెప్పిన అక్కా. ఆయనకు ఫికర్ లేదు. కానీ హాల్‌లో కూసున్న రెండొందల మంది నా భుజమే చూసుడు నాకొద్దు. ఈ మెత్త సంగతి నీకూ నాకూ తప్ప తెల్వద్దు.” మెత్త ఉన్న జాకెట్టు ఈ లోకంలో ఇదొక్కటే. అది ఇప్పుడు ఈ దుకాణంలో ఎక్కడో ఉంది.

పసుపు కోటు వేసుకున్న పనిపిల్ల ఒకతె చెప్పింది. “వదిలేసిన ట్రాలీలు ఇందాకనే ఖాళీ చేసినం అక్కా. ఏ సామాను ఆ ర్యాకుల పెట్టేస్తం.”

“బట్టలు?”

“బట్టలు పైన. రెండో ఫ్లోర్.”

మెట్లు. మెట్ల మీద మనుషులు. మనుషుల చేతుల్లో బకెట్లు. స్వరాజ్యం అందరినీ తోసుకుంటూ పైకి చేరింది. బనియన్లు దాటింది, నైటీలు దాటింది, తయారైన జాకెట్లు వేలాడే కమ్మీ దగ్గర నిలిచిపోయింది. కవరు లేదు. హ్యాంగరుకు తగిలించి ఉంది తన జాకెట్టు. ఆ హ్యాంగరు ఒక పెద్దావిడ చేతిలో ఉంది.

“పెద్దమ్మా, గది నాది. ఇటియ్యి.”

ఆవిడ హ్యాంగరును గుండెకు హత్తుకుంది. “నీదెట్లయితది? నేను తీసిన, నా చేతిల ఉన్నది. మా కోడలికి సరిగ్గ సరిపోతది.”

“గది అమ్మేది కాదు. నేను కుట్టిన.”

“గీ షాపుల ఉన్నయన్నీ నువ్వే కుట్టినవా మరి?”

చుట్టూ నవ్వులు. నవ్వుల వెంట జనం. జనం వెంట ఆ అంతస్తు చూసుకునే రాఘవేందర్ వచ్చాడు. హ్యాంగరు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. “రుద్రమ్మా, నువ్వు జర ఆగు,” అన్నాడు పెద్దావిడతో. ఆవిడ వారం వారం వచ్చే మనిషిలా ఉంది. తర్వాత స్వరాజ్యం వైపు తిరిగాడు. “అమ్మా, దీనికి స్టిక్కర్ లేదు. నిజమే. కానీ స్టిక్కర్ ఊడినయి మస్తు ఉంటయి. మీదే అని నాకెట్ల తెల్వాలె?”

“అయితే నేనే కొంట. బిల్లు కొట్టున్రి.”

“స్టిక్కర్ లేంది ఎవ్వరికీ కొట్టరాదు. రేపు కోడ్ పెట్టినంకనే.”

“కెమెరాల చూడున్రి.”

“కెమెరా రూమ్ తాళం సార్ దగ్గరున్నది. సార్ గంటకొస్తడు.”

“నా దగ్గర గంట లేదన్నా!” అంది స్వరాజ్యం.

“అయితే ఏదన్న గుర్తు చెప్పున్రి. చూసినోళ్లకు తెల్వని గుర్తు. కుట్టినామెకే తెలిసేది.”

గుర్తు ఉంది. ఒక్క మాట చాలు. కుడి భుజం లోపల చూడమంటే చాలు. ఈ కమ్మీ మీద వేలాడే వంద జాకెట్లలో దేనికీ ఉండదది. కానీ చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు. వాళ్లలో శ్రీనగర్ కాలనీ వాళ్లుండరా? ఆ సాయంత్రం ఆ హాల్లో కూర్చోబోయే వాళ్లుండరా? మాట నాలుక మీదికి వచ్చింది. పెదవులు మూసుకున్నాయి.

అంతలో రుద్రమ్మ చెయ్యి జాకెట్టు మీదికి పాకింది. పట్టును పిసికింది. “గీ భుజం దగ్గర ఏందో గట్టిగ తగుల్తుందేందయ్యా...”

“భుజం కాదు!” అంది స్వరాజ్యం. అరిచినంత పని చేసింది. “ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యి అంచు తిప్పి చూడున్రి.”

రాఘవేందర్ అంచు తిప్పాడు.

“మడిచి కుట్టిన దారం చూడున్రి. ముందుదంత ముదురెరుపు. ఆఖరి నాలుగు అంగుళాలు వేరే రంగు. ఇటుక రంగు.” ఒక్కో మాటా తనకే గుచ్చుకుంటున్నట్టు పలికింది. “ఇందాక దారం అయిపోయింది. మ్యాచింగ్ సెంటర్‌కు పోతే ఈడ నూనెకు లేటయితదని, ఉన్నదాంతోని కుట్టేసిన. ఎవరు చూస్తరులే అనుకున్న.”

రాఘవేందర్ అంచును వెలుగుకు పట్టాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు, తర్వాత ఇటుక. అందరూ వంగి చూశారు.

“ఇంత మంచి పనికి గింత దగ్గర కక్కుర్తి ఏందమ్మా?” అంది రుద్రమ్మ. ఈసారి ఆమె గొంతులో పోట్లాట లేదు. అది ఇంకా ఎక్కువ తగిలింది.

వెనక నుంచి ఇంకో గొంతు. “అమీర్‌పేటల హాస్టల్ కింది షాపు నీదే గదా? నా బ్లౌజులు మూడున్నయి నీ దగ్గర కుట్టినయి. ఇంటికి పోయి తిప్పి చూస్కోవాలె ఇగ.”

స్వరాజ్యం తల ఎత్తలేదు. పదిహేనేళ్లుగా కుడుతోంది. ఆ పదిహేనేళ్లూ ఇప్పుడు ఒక అంచు చుట్టూ మూగి చూస్తున్నాయి.

“తీస్కపోన్రి అమ్మా,” అన్నాడు రాఘవేందర్. “గేటు దగ్గర ఆపకుంట నేను చెప్త.”

నూనె ప్యాకెట్లు ఏ మెట్టు మీద వదిలిందో గుర్తు లేదు. సంచి తీసుకుంది, ఆటో ఎక్కింది. నాలుగున్నర. ఆటో శ్రీనగర్ కాలనీ మలుపు తిరిగింది. అక్కడ ఒక మ్యాచింగ్ సెంటర్ కనబడింది.

“భాయ్, రెండు నిమిషాలు ఆపు.”

“ఇందాక తొందరన్నరు గదా అక్కా?”

“తొందరనే. ఆపు.”

హైందవి గదిలో నలుగురున్నారు. స్వరాజ్యం అందరినీ బయటికి పంపి గొళ్ళెం వేసింది. హైందవి జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. రెండు భుజాలూ ఒకే గీతలో ఉన్నాయి.

“కవర్ లేకుంట తెచ్చినవేందక్కా? ఎవరన్న చూసిన్రా?”

“చూసిన్రు.”

హైందవి చెయ్యి కుడి భుజం మీదికి పోయింది. “ఏం చూసిన్రు?”

“నా తప్పు చూసిన్రు. నీది కాదు.” స్వరాజ్యం నేల మీద కూర్చుని సూదిలో ముదురెరుపు దారం ఎక్కించింది. “ఎడమ చెయ్యి చాపు. నాలుగంగుళాలు ఇప్పి మల్లా కుట్టాలె.”

“ఒంటి మీద కుట్టొద్దంటరు. అమ్మ చూస్తే తిడ్తది.”

“అందుకే గొళ్ళెం పెట్టిన.”

బయట తలుపు తట్టారు. ఒకసారి. రెండుసార్లు. హైందవి చెయ్యి చాపింది. స్వరాజ్యం ఇటుక రంగు దారాన్ని పళ్లతో తెంపి, మొదటి కుట్టు వేసింది.