అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు

పాస్టరు ఇంటికి తలుపు ఉంటుంది గానీ, దానికి గడియ కూడా ఉంటుందని సంఘంలో ఎవరూ అనుకోరు. వాకాడు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, చర్చిని ఆనుకుని ఉన్న ఆ రెండు గదుల ఇంట్లోకి ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. కొత్త స్కూటీ కొంటే తాళం చెవి అయ్యగారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించాలి. బోరు వేసే చోట ప్రార్థన, రొయ్యల గుంటలో రొయ్యపిల్లల్ని వదిలే ముందు ప్రార్థన, పిల్లల హాల్‌టికెట్ల మీద ప్రార్థన. కోడలు అలిగి పుట్టింటికి పోతే ప్రార్థన, తిరిగొస్తే మరో ప్రార్థన. హెబ్రోను పాస్టరుగారు దేనికీ కాదనేవారు కాదు. కాదనడం ఆయనకు చేతకాదు. ఆ చేతకానితనాన్నే అందరూ ప్రేమ అనేవారు. ఆయన భార్య ఎవాంజెలిన్ మాత్రం అన్నం మీద మూత పెట్టుకుని, ఈ ప్రేమ ఎప్పుడు అయిపోతుందా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది.

పోయిన వేసవిలో చిట్టమూరులో ఎవరింట్లోనో ప్రార్థన కూటం పెడితే, వాక్యం చెబుతూ చెబుతూ ఆయన గోడకు చేరగిలబడి కిందికి జారిపోయారు. చొక్కా తడిసి ముద్దయింది. ఎడమ భుజం పిసుక్కుంటూ, నోట మాట రాక భార్య వైపు చూశారు. ఆ ముఖాన్ని ఎవాంజెలిన్ జన్మలో మరిచిపోదు. నెల్లూరులో స్టెంటు వేసి పంపించేటప్పుడు డాక్టరు ఆమెనొక్కదాన్నే పిలిచి మాట్లాడాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర తప్పనిసరి అన్నాడు. మందులు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యమన్నాడు. ఇలాగే తిరిగితే ఈసారి ఇక్కడిదాకా తెచ్చే పని కూడా ఉండదని మొహం మీదే చెప్పేశాడు.

మొదట్లో ఆమె నిజమే చెప్పింది, పడుకున్నారని. ఆ మాటకు ఊళ్లో ఉన్న విలువేమిటో అప్పుడే తెలిసింది. ఒక్క నిమిషం లేపమ్మా అనేవాళ్లు కొందరు. ఆమెను దాటుకుని కిటికీ దగ్గరికి పోయి అయ్యగారూ అని పిలిచేవాళ్లు మరికొందరు. సంఘ పెద్ద కృపాదానం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిద్రపోయేవాళ్లను తట్టి లేపే అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. దేవుని సేవకుడికి పగటి నిద్రేమిటమ్మా అని నవ్వుతూనే అనేవాడు, నవ్వుతూనే లోపలికి వచ్చేసేవాడు. నవ్వే మనిషిని బయటికి పంపడం ఎలాగో ఎవాంజెలిన్‌కు తెలిసేది కాదు. మంచం మీద పాస్టరుగారి సంగతీ అంతే. చప్పుడు వినబడగానే దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా లేచి కూర్చునేవారు.

ఒకరోజు పొద్దుటి నుంచీ ఆయనకు ఆయాసంగా ఉంది. అప్పుడే కళ్లు మూతలు పడ్డాయి. గుమ్మంలో సంఘానికొచ్చే కరుణాకుమారి, చేతిలో కొత్త స్కూటీ తాళం చెవి. ఎవాంజెలిన్ నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"అయ్యగారు ప్రార్థనలో ఉండారు."

కరుణాకుమారి వెంటనే గొంతు తగ్గించింది. చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుంది. స్కూటీని గేటు దాటేదాకా నెట్టుకుంటూ పోయి అక్కడ స్టార్ట్ చేసుకుంది. నిద్రకు లేని మర్యాద ప్రార్థనకు ఉందని ఎవాంజెలిన్‌కు అర్థమైంది. అబద్ధం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేది తనే. అయినా ఆ మధ్యాహ్నం లోపలి గదిలోంచి ఆయన గురక వినబడుతుంటే ఆమెకు సిగ్గు వేయలేదు, ప్రాణం లేచొచ్చింది. ఆయన ఆ మాట విన్నారని ఆమెకు తెలుసు. సాయంత్రం కాఫీ తాగుతూ ఆయనా ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

అబద్ధం పెట్టిన గోడ భలే గట్టిగా నిలబడింది. నిలబడి, అంతటితో ఊరుకోలేదు. అయ్యగారు రోజూ మధ్యాహ్నమంతా మోకాళ్ల మీదే ఉంటారన్న పేరు పక్క ఊళ్లకు పాకింది. నిద్ర లేచి ఎర్రటి కళ్లతో, ఉబ్బిన మొహంతో ఆయన బయటికొస్తే, ఎంత ఏడ్చి ప్రార్థన చేశారో చూడండని జనం చెవులు కొరుక్కున్నారు. విడవలూరు నుంచి కూడా కారు కట్టించుకుని వచ్చినవాళ్లున్నారు. అందరూ వరండాలో గొంతెత్తకుండా కూర్చుని ఆయన లేచేదాకా కాచుకునేవారు. ఆయన బయటికొచ్చి అందరి తలల మీదా చేతులు పెట్టి, ఆ కళ్ల సంగతి ఎవరికీ చెప్పకుండా చీకటి పడేదాకా ప్రార్థన చేసేవారు. తన మాటతో మొగుడికి నిద్ర సంపాదించానని మురిసిన ఎవాంజెలిన్‌కు, ఆయన్ను ఇంకో గొయ్యిలోకి దించానన్న అనుమానం మొదలైంది. కానీ ఆ గోడ తీసేస్తే రేపు మధ్యాహ్నం మళ్లీ కృపాదానం నవ్వుతూ వచ్చేస్తాడు.

అలాంటి మధ్యాహ్నమే ఒకటి. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన నిద్రపోతున్నారు. ఎవాంజెలిన్ గుమ్మానికి కర్టెన్ వేసి, లోపల నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడు, వరండాలో అడుగుల చప్పుడు. అమ్మగారూ అని మెల్లగా పిలిచిన గొంతును ఆమె గుర్తుపట్టింది. రేవు దగ్గర చేపలమ్మే కామమ్మ. హిందువులు, అయినా వలలు కొన్నప్పుడల్లా అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుని పోతారు. మొగుడు గంగాధరం కూడా వచ్చినట్టున్నాడు, దగ్గు వినబడింది. ఎవాంజెలిన్ లేవలేదు, కర్టెన్ కూడా తీయలేదు. అయ్యగారు ప్రార్థనలో ఉన్నారని అక్కడి నుంచే చెప్పింది.

అట్నే కూర్చుంటామమ్మా అని కామమ్మ అంది. ఆటో వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

కాసేపటికి బయట ఎవరో మూలిగినట్టయింది. గట్టిగా మూలగబాక, అయ్యగారు ప్రార్థనలో ఉండారు అని కామమ్మ మొగుణ్ణి కసురుతోంది. ఎవాంజెలిన్ చేతిలో కాడ ఆగింది. లేచి చూద్దామా అనుకుంది. లేస్తే పలకరించాలి, పలకరిస్తే కథ మొదలవుతుంది, కథ మొదలైతే లోపల ఆయన లేస్తారు. కడుపునొప్పో, నిన్నటి సారాయో అయ్యుంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని మళ్లీ ఆకు అందుకుంది. ఇంకోసారి మూలుగు వినబడింది, ఈసారి చిన్నగా, నోట్లో గుడ్డ పెట్టుకున్నట్టు. ఆమె ఫ్యాను వైపు చూసింది. ఆకంతా అయిపోయింది. చిన్నగా కునుకు కూడా పట్టబోతుంటే వరండాలో భళ్లున వాంతి అయిన చప్పుడు వినబడింది.

ఇప్పుడిది ఎవరు కడగాలి అని విసుక్కుంటూ చెంబుతో నీళ్లు పట్టుకుని ఆమె కర్టెన్ తీసింది.

గంగాధరం గోడకు చేరగిలబడి ఉన్నాడు. నీడలో ఉన్నా చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని పిసుక్కుంటున్నాడు. మొహం బూడిదరంగుకు తిరిగింది. అది చిట్టమూరులో ఆమె చూసిన ముఖమే. చెంబు ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలియలేదు.

ఎప్పటి నుంచి అని అడిగింది. పొద్దున వల లాగేటప్పుడు మొదలైందని, వాకాడు ఆసుపత్రికే బయలుదేరామని, దారిలో అయ్యగారి చేత ఒక్క మాట ప్రార్థన చేయించుకుని పోదామని దిగామని కామమ్మ చెప్పింది. ప్రార్థన ఎంతసేపు పడుతుందో తెలియక ఆటోను పంపించేశారట.

"ఇంతసేపా కామమ్మా? ఒక్క కేక వేయకూడదా?"

"ప్రార్థనలో ఉండారన్నారు గదమ్మా."

ఎవాంజెలిన్‌కు ఇక దాచబుద్ధి కాలేదు. "ప్రార్థనలో కాదు. నిద్రపోతా ఉండారు."

కామమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అర్థం కాకపోవడమే ఉంది. "నిద్రా? నిద్రయితే నేనే లేపుండేదాన్ని గదమ్మా. లేదంటే అట్నే ఆటోలో పోయుందుము. దేవుడితో మాట్లాడేటోళ్లని ఎట్ట లేపేది?"

ఎవాంజెలిన్ లోపలికి పరుగెత్తి, నొప్పి వస్తే నమిలి మింగమని డాక్టరు ఆయనకు రాసిచ్చిన మాత్ర తెచ్చి గంగాధరం నోట్లో పెట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే బండి దూరంలో ఉందన్నారు. ఎదురింటి పెంచల్ రొయ్యల మేత తోలే ఆటో చెట్టు కింద ఉంది. అన్నం తింటున్న పెంచల్‌ను ఎంగిలి చేత్తోనే లేపుకొచ్చింది. ఇద్దరూ కలిసి గంగాధరాన్ని ఎక్కిస్తుండగా హెబ్రోను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వరండాలోకి వచ్చారు. ఆయన అంతా విన్నారు. నేనూ వస్తానని ఒక కాలు ఆటోలో పెట్టారు.

"మీరు ఉండండి," అంది ఎవాంజెలిన్. "ఈసారి నిజంగా ప్రార్థన చేయండి."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. ఆటో కదిలింది.

వాకాడు దాకా ఆ దారి పొడుగునా గంగాధరం తల ఎవాంజెలిన్ భుజం మీదే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి ఆగిపోయిందేమోనని ఆమె అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. కామమ్మ మొగుడి కాళ్లు పట్టుకుని వాళ్ల అమ్మవారినీ పిలిచింది, యేసయ్యనూ పిలిచింది. ఎవాంజెలిన్‌కు ప్రార్థన నోట్లోకి రాలేదు. ఏ మొహంతో పిలుస్తుంది? నా మొగుడి గుండె కాపాడుకోవడానికి ఇంకొకరి మొగుడి గుండెను గుమ్మం ముందు పెట్టుకుని ఆకు ఒలిచాను ప్రభువా అన్నదొక్కటే లోపల సుళ్లు తిరిగింది.

వాకాడులో చూసి నెల్లూరు పంపారు. గంగాధరం బతికాడు. కాకపోతే గుండెలో ఒక భాగం పాడైందని, ఇంకాస్త ముందు తెచ్చుంటే ఇంత నష్టం జరిగేది కాదని, ఇక వల లాగే పని మానుకోవాలని అక్కడి డాక్టరు కామమ్మకు చెబుతుంటే ఎవాంజెలిన్ పక్కనే నిలబడి వింది.

ఊరు మాత్రం వేరేగా చెప్పుకుంది. అయ్యగారు లోపల ప్రార్థనలో ఉండబట్టే చావు వరండా దాకా వచ్చి వెనక్కి పోయిందన్నారు. గంగాధరం కాస్త కోలుకున్నాక, ఆదివారం ఆరాధనలో మొగుడూ పెళ్లాల చేత సాక్ష్యం చెప్పించాలని కృపాదానం ఏర్పాటు చేశాడు. అంతకుముందు రోజు ఎవాంజెలిన్ భర్తతో నిజం చెప్పేద్దామంది. సంఘం విశ్వాసం దెబ్బతింటుందేమో అన్నారాయన. ఆయన భయం సంఘం గురించో తన పేరు గురించో ఆమెకు తెలియలేదు, అడగడానికి భయం వేసింది. తన భయం మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు. నిజం చెబితే రేపటి నుంచి ఆయన్ను ఎవరూ నిద్రపోనివ్వరు. తాను విధవరాలైపోతుంది.

ఆదివారం గంగాధరాన్ని మగవాళ్ల వైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సగమైపోయాడు. కామమ్మ మైకు పట్టుకుంది. మైకు ఆమెకు కొత్త. జరిగింది చెప్పుకుంటూ వచ్చి, వరండా దగ్గరికి వచ్చేసరికి ఆగింది. చాపల మీద ముందు వరసలో ఉన్న ఎవాంజెలిన్ వైపు చూసింది. చూసి, తల వంచుకుంది.

"అయ్యగారు ఆ మద్దేనమంతా ప్రార్థనలోనే ఉండారు," అంది.

స్తోత్రం అని చర్చి అంతా మార్మోగింది. తనకోసం కామమ్మ అబద్ధమాడింది. మొగుడి బతుకుతెరువు పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన మనిషి పరువు కాపాడింది. ఆ మేలును ఎవాంజెలిన్ భరించలేకపోయింది. లేచి నిలబడింది.

"అది నిజం కాదు. ఆ అబద్ధం నాది, కామమ్మది కాదు. అయ్యగారు నిద్రపోతా ఉండినారు. ఇన్నాళ్లూ మీరు వరండాలో కూర్చున్న ప్రతి మద్దేనం నిద్రే. నేనట్ట చెప్పబట్టే ఈ మనిషి నొప్పి బిగబట్టుకోని కూర్చున్నాడు."

కృపాదానం పాస్టరుగారి వైపు తిరిగాడు. ఈసారి నవ్వడం లేదు. మా ఆవిడకు ఒంట్లో బాగాలేదని ఆయన ఒక్క మాట అంటే చాలు, అందరూ సంతోషంగా నమ్మేస్తారు. హెబ్రోను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అన్నీ ఆలోచించుకునేదాకా ఎవాంజెలిన్ నిలబడే ఉంది.

"నిజమే," అన్నారాయన. "ఆమె చెప్పిన అబద్ధం నేను రోజూ విన్నా. పగలు నిద్రపోతాడని మీరంటారని సిగ్గుపడి, వింటానే పడుకున్నా. మన ప్రభువు తుపానులో పడవలో నిద్రపోయినాడు. శిష్యులు పోయి లేపినారు, లేచినాడు. ప్రార్థనలో ఉండాడు, కదిలించబాకండి అని ఆరోజు ఎవరన్నా చెప్పుంటే, పాపం వాళ్లు మర్యాదగా మునిగిపోయుందురు." ఆయన గంగాధరం వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. తర్వాత సంఘం వైపు చూశారు. "రేపు మద్దేనం కూడా నిద్రపోతా. ఎల్లుండి కూడా. ప్రాణం మీదికొస్తే తలుపు పగలగొట్టి లేపండి. బండి కొన్నామంటే సాయంత్రం రండి."

కరుణాకుమారి కొంగు సవరించుకుంది. కృపాదానం పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. ఏ మాట ఎప్పుడనాలో తెలియని గంగాధరం మాత్రం కుర్చీలోంచి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఆమెన్ అన్నాడు.