మంచు ఊళ్ళో వంటగది

"ఈసారి ఎక్కడికెళ్ళాలో నీ ఇష్టం హనేకె. నువ్వే చూడు," అంటూ వౌటర్ సోఫాలో కాళ్ళు చాపుకున్నాడు.

హనేకె బంగాళాదుంపల తొక్క తీస్తూ తలూపింది. ఏటా చలికాలంలో మంచు మీద జారడానికి కొండలకి వెళ్ళే ముందు భర్త నోట వినే మాటే. నీ ఇష్టం అంటాడు, ఆ వెంటే షరతులు. పొద్దున నెదర్లాండ్స్‌లో తమ ఊరు ఉట్రెక్ట్‌లో బయల్దేరితే రాత్రికల్లా కారు చేరిపోవాలి. కొడుకు యోరిట్‌కి నిటారు వాలు కావాలి. కూతురు ఫెనాకి జారడం నేర్పేవాళ్ళుండాలి. అత్తగారికి మెట్లు ఉండకూడదు, ఆవిరి స్నానం ఉండాలి. ఇవన్నీ కుదిరాక మిగిలేదే హనేకె ఇష్టం.

తేడా వస్తే మాత్రం తప్పంతా ఆమెదే. నిరుడు ఆస్ట్రియాలో మంచే పడలేదు. "నువ్వు చూసిన ఊరే కదా," అన్నాడు వౌటర్, మేఘాల్ని బుక్ చెయ్యడం కూడా ఆమే మరిచిపోయినట్టు.

మర్నాడు అందరూ వెళ్ళాక లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆస్ట్రియాలో ఒక ఊరు, ఫ్రాన్సులో ఒకటి, ఇటలీలో ఒకటి మిగిలాయి. ఏదో ఒకటి నొక్కేస్తే పోతుంది, చెయ్యి రాదే! ఇది బావుందనుకునేసరికి అది నయమనిపిస్తుంది. తల తిరిగిపోయింది. అసలు తను దేన్ని చూసి ఎంచుతోంది? ఆ ఊళ్ళల్లో అద్దె ఇళ్ళ ఫోటోలు మళ్ళీ తిప్పింది. అప్పుడు తెలిసింది, ప్రతిచోటా తను ముందు తెరిచింది వంటగది ఫోటో. పొయ్యి ఎంత పెద్దది, గిన్నెలు కడిగే మెషినుందా, లేదా. కొండల ఫోటో ఒక్కటీ తెరవలేదు.

పెళ్ళికి ముందు మంచు మీద జారుతుంటే స్నేహితురాళ్ళు ఆమెని అందుకోలేకపోయేవారు. ఇప్పుడు డిక్కీ నిండా బంగాళాదుంపల బస్తా, చీజ్, పీనట్ బటర్ సీసాలు. "అక్కడి ధరలకి కొనేవాళ్ళు పిచ్చివాళ్ళు," అంటాడు వౌటర్. ఆ దారిలో డచ్చివాళ్ళ కార్లన్నీ అలాగే వెనక్కి కుంగి పోతుంటాయి. అందరూ కొండెక్కాక తను తడి మేజోళ్ళు ఆరేస్తుంది, వాళ్ళు దిగేసరికి దుంపలు ఉడికించి మెదిపి పెడుతుంది. ఇంతకీ తనకి మంచు అంటే ఇంకా ఇష్టమేనా? ఎంత ఆలోచించినా తెలియలేదు. భయమేసింది. ఇంట్లో ఎవరికేం ఇష్టమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, తన సంగతి తప్ప.

అంతలో అత్తగారి ఫోను. "బఠాణీ సూపు చేసి గడ్డకట్టించి తెస్తానమ్మాయ్. నువ్వు ఊరికే వేడి చేస్తే చాలు."

ఆ 'ఊరికే' దగ్గర హనేకెకి ఒళ్ళు మండింది.

"తేకండి అత్తయ్యా," అంది.

ఫోను పెట్టేశాక ఆమె ఇటలీ ఊళ్ళో బుక్ చేసిన హోటల్ని సాయంత్రం వౌటర్ చూశాడు. "బావుంది. అమ్మకి లిఫ్టుంది, ఆవిరి స్నానముంది. వంటగదేదీ?"

"లేదు. తిండి వాళ్ళే పెడతారు."

"మరి మన బంగాళాదుంపలు?"

"ఇంట్లోనే ఉంటాయి."

వంటగది ఎక్కడైనా దాక్కుందేమోనని అతను ఫోటోలన్నీ మళ్ళీ తిప్పాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు. కోపమేమీ లేదు, నిజంగానే అర్థం కాలేదు పాపం.

"వంట లేకపోతే నువ్వక్కడ రోజంతా ఏం చేస్తావు?"

హనేకె నవ్వబోయి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో అతను ఆమె గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"తెలీదు," అంది. "వెళ్ళి చూస్తా."