మంచుగుట్ట మీద మస్టర్

ఆ తల్లికి పోలీసు జరిమానా రాస్తుండగానే కంపెనీ వ్యాన్లు మూడు గుట్టెక్కాయి.

భానుప్రియ కళ్లారా చూసింది. 2021 జనవరి. కరోనాకు జర్మనీ అంతా తలుపులు బిగించుకుని కూర్చున్న కాలం. ఆటకైనా, షికారుకైనా ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు దాటరాదని సాక్సనీలో ఆంక్ష. ఆ తల్లి దాటింది. నాలుగేళ్ల పిల్లను మంచు మీద జారే చెక్క బండిలో కాసేపు తిప్పుదామని ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చింది. పోలీసు ఆ బండి సర్దేయమన్నాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది.

వ్యాన్లలోంచి దిగినవాళ్లు మాత్రం దర్జాగా గుడ్డ పతంగులు విప్పారు. కాళ్లకు స్కీలు తొడుక్కుని, నడుముకు పతంగి తాళ్లు కట్టుకుని, గాలి లాక్కుపోతుంటే మంచు మీద దూసుకుపోయే ఆట అది. ఆ గుట్ట రక్షిత అడవి. అందులో ఆ ఆటకు అనుమతి లేదు. అయినా అక్కడ ఆ ఆటతో వ్యాపారం పెట్టాలని చూస్తున్న కంపెనీ 'ప్రయోగం' అని ఒక్క ముక్క రాయించుకొచ్చింది. పోలీసు పక్కకు తప్పుకుని వాళ్లకు దారిచ్చాడు.

ఒక ఎర్ర పతంగి నీడ మంచు మీదుగా పాకింది. డేగ అనుకున్నాయేమో, మంచులో గుంటలు తవ్వుకుని పడుకున్న నల్లటి అడవికోళ్లు అయిదు ఒక్కసారిగా లేచాయి. బిర్క్‌హూన్ అంటారు వాటిని అక్కడ. చలికాలమంతా కదలకుండా పడుకుంటేనే వాటికి బతుకు. ఒకటి పతంగి తాడుకు తగిలి కిందపడింది. భానుప్రియ పరుగెత్తేసరికి దాని కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి.

ఆమె పని లెక్కపెట్టడం. ఫ్రైబర్గ్‌లో గనుల చదువు చదువుతూ, కంపెనీకి అనుమతి ఇవ్వాలా వద్దా తేల్చే పక్షుల సర్వేలో దినకూలీగా చేరింది. పాతిన కర్రల వెంట నడవాలి, కనిపించింది కాగితం మీద వెయ్యాలి. ఆ చలిలో పెన్ను సిరా గడ్డకడుతుంది. అందుకని అంకెలు పెన్సిల్‌తో రాసేవారు. సాయంత్రం వ్యాన్‌లో వెచ్చబడ్డాక సంతకం పెన్నుతో పెట్టేవారు. ఆ రోజు ఆమె కాగితంలో అయిదు అని రాసింది. పక్కన 'ఒకటి చచ్చింది' అని కూడా రాసింది.

హాస్టల్ గదికి చేరాక మాట్లాడటానికి గోడ తప్ప ఎవరూ లేరు. వంటగదిలో ఒకరి తరువాత ఒకరే వండుకోవాలి. పది నెలలుగా క్లాసులు తెర మీదే. ఒక్కోరోజు తన గొంతు తనకే కొత్తగా వినపడేది. కొత్తగూడెం నుంచి నాన్న కోటయ్య ఫోన్ చేస్తే తప్ప తెలుగు నోటికి తగిలేది కాదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి. పలకరింపు కూడా బాయి భాషే, హాజరును మస్టర్ అనే భాష.

"మస్టర్ పడ్డదా బిడ్డా?"

"పడ్డది నాన్నా."

"తిన్నవా? గొంతు గట్లున్నదేంది?"

"ఏం లేదు. ఒక పిట్ట సచ్చిపోయింది ఇయ్యాల."

కోటయ్య నవ్వలేదు. "ఒక్కదానివే ఉంటివి గదా, పిట్ట గూడ మనిషే అయితది" అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చింది.

రెండు వారాలకు జిల్లా ఆఫీసు సర్వే కాగితాలను ఇంటర్నెట్‌లో ప్రజల ముందు పెట్టింది. భానుప్రియ తన కాగితం తెరిచింది. అయిదు ఉన్నచోట సున్నా. చచ్చిన పక్షి మాట లేదు. కింద మాత్రం తన సంతకం, నీలి సిరాలో, చెక్కు చెదరకుండా. అదే హాస్టల్‌లో ఉంటూ తనతో సర్వేలో నడిచిన మిగతా అయిదుగురి కాగితాలూ తెరిచింది. అన్నిట్లోనూ సున్నాలే. పెన్సిల్ చెరిగింది, పేర్లు మిగిలాయి.

సర్వే కాంట్రాక్టర్ గంగాధరరావుకి ఫోన్ చేసింది. ఎర్లాంగెన్‌లో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక సర్వే ఆఫీసు పెట్టిన పెద్దమనిషి. ఉగాదికి తెలుగు పిల్లలందరికీ తన ఇంట్లో భోజనం పెడతాడు. ఆమెకు ఈ పనిచ్చిందీ ఆయనే.

"అంకుల్, నేను అయిదు రాసిన్నండీ. సున్నా ఎట్లయింది?"

"చూడమ్మాయ్, అవి ఎగిరిపోయాయి కదా. ఎగిరిపోయినవి ఉన్నట్టెలా అవుతుంది?"

"ఒకటి ఎగరలే. సచ్చిపోయింది."

"అబ్బబ్బ, పక్షి గొడవ నీకెందుకమ్మా! గాలికి పొగా లేదు, చప్పుడూ లేదు. నిక్షేపంలాంటి ఆట. కిందనున్న పల్లెకి నలభై ఉద్యోగాలొస్తాయి. నీకు ఏప్రిల్‌లో వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఉంది కదూ? పని చేస్తున్నట్టు ఉత్తరం నేనే కదా ఇవ్వాల్సింది? మనవాళ్లం మనం. మనలో మనకి ఈ పట్టింపులేంటి?"

మనవాళ్లం! చెరిపేటప్పుడు ఆ మాట గుర్తురాలేదు కాబోలు ఆయనకు.

ఆ తప్పుడు కాగితాలు వెనక్కి తీసుకోవాలని ఆమె గట్టిగా అడిగింది. రేపటి నుంచి పనికి రావద్దని ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు.

ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల దగ్గర సభ జరిగింది. ఒక గదిలో ఇద్దరికి మించి కూడకూడదు. అందుకని ఆరుగురూ ఆరు అంతస్తుల్లో, ఒక్కో అంతస్తుకు ఒక్కరు, రెయిలింగ్ మీంచి తలలు వంచి మాట్లాడుకున్నారు. గుంటూరు శశాంక్, సిరియా నబీల్, చైనా నుంచి లిన్, ఘనా నుంచి క్వామె, అమా, అందరికంటే కింద భానుప్రియ. మాటలు బాయిలోంచి వచ్చినట్టు మోగాయి.

"మనకెందుకే ఆ గోల?" అన్నాడు శశాంక్ పైనుంచి. "డిగ్రీ, జాబ్, బ్లూ కార్డ్. పక్షులకి వీసా ఉందిలే, మనకే లేదు."

"పక్షుల సంగతి ఇడిసిపెట్టు. సంతకం ఎవ్వలిది?"

"మనదే అనుకో."

"రేపు ఎవ్వడన్న అడిగితే అబద్ధం ఆడింది గంగాధరరావు గాదు, శశాంక్. కంపెనీకి మన కాళ్లు గావాలె, మన పేరు గావాలె. మన కండ్లు మాత్రం వద్దట!"

అదే మాట మిగతావాళ్లకు ఇంగ్లీషులో చెప్పింది. నబీల్ నెమ్మదిగా, "మా దేశంలో నా చేత తెల్లకాగితం మీద సంతకం చేయించారు. ఇక్కడ ఆ బాధ లేదనుకున్నాను" అన్నాడు. అమా తన నిజమైన లెక్క గట్టిగా చదివింది: "తొమ్మిది." లిన్ చదివింది: "ఆరు." అంతస్తు అంతస్తు నుంచి అంకెలు దిగొచ్చాయి. అందరికంటే చివర శశాంక్ "ఏడు. నాకు బాగా గుర్తే" అన్నాడు.

అప్పుడు భానుప్రియ నాన్న చెప్పిన సంగతి చెప్పింది. సమ్మె చేయించాడని ఒక కార్మికుడి పేరు మస్టర్ పుస్తకంలోంచి కొట్టేశారు. పొద్దున గుమస్తా పేర్లు పిలుస్తూ ఆ పేరు దాటేశాడు. షిఫ్టు మొత్తం ఆ పేరును తామే పిలిచి, తామే 'హాజర్' అని అరిచి, ఒక్కరూ బాయి దిగలేదు.

మర్నాడు ఆమె పదిహేను కిలోమీటర్ల హద్దు లెక్కచేయక గుట్ట కింది పల్లెకు వెళ్లింది. ఊలిగ్ గారిని, అక్కడి మాటలో ఫ్రౌ ఊలిగ్‌ను, కలవాలి. అరవై ఏళ్ల మనిషి. స్కీ లిఫ్టు దగ్గర టికెట్లు అమ్మేది. లిఫ్టు మూతపడి ఇంట్లో కూర్చుంది. సర్వే వాళ్లకు కిటికీలోంచి వేడి టీ అందించిన చెయ్యి ఆమెది. కంపెనీ రావాలని అందరికంటే గట్టిగా కోరుతున్నదీ ఆమే.

"నీకు పక్షులు, నాకు రొట్టె. చదువైపోగానే నువ్వు వెళ్లిపోతావు. నేనెక్కడికి పోను?"

"మీకిచ్చే ఉద్యోగం కాగితం చూశారా?"

ఊలిగ్ చూడలేదు. డ్రాయర్‌లోంచి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇద్దరూ కిటికీ తెరిచిన వంటింట్లో బల్లకు చెరో కొసన కూర్చుని చదివారు. మూడో పేజీలో ఉంది: గాలి తగినంత వీచిన రోజే పని, వీచని రోజు పనీ లేదు, జీతమూ లేదు. గాలి తగినంత ఉందో లేదో కంపెనీ చెబుతుంది. నియమించేది కూడా కంపెనీ కాదు, ఒక కాంట్రాక్టర్. ఊలిగ్ ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

"అంటే నేను రోజూ పొద్దున లేచి చెట్లు ఊగుతున్నాయా లేదా చూసుకోవాలన్నమాట" అంది. కాగితం మడిచి బల్ల మీద చరిచింది. "దొంగవెధవలు!"

కంపెనీకి అనుమతి ఇవ్వడం మీద బహిరంగ విచారణ కూడా తెర మీదే జరిగింది. నూట అరవై చిన్న గళ్లు, గడికొక ముఖం. మైకులన్నీ అధ్యక్షుడి చేతిలో. కంపెనీ లాయరు ఇరవై నిమిషాలు మాట్లాడాడు: జనం ఇళ్లలో మగ్గుతున్నారు, వాళ్లకు ఆకాశం కావాలి, సర్వే ప్రకారం అక్కడ పక్షులు సున్నా. అడవి తరఫున మాట్లాడిన ముసలి ప్రొఫెసర్‌కు అయిదు నిమిషాలు ఇచ్చారు. పల్లె తరఫున ఊలిగ్‌కు మూడు.

"ఆకాశం అందరికీ కావాలి నిజమే" అంది ఊలిగ్. "చెక్క బండిలో పిల్లను తెచ్చిన తల్లికి జరిమానా వేశారు. ఆమెకు అక్కర్లేదా ఆకాశం? నా మిగతా సమయం ఈ అమ్మాయిది." అంటూ లేచి, పక్కనే నిలబడ్డ భానుప్రియకు కుర్చీ ఇచ్చింది.

భానుప్రియ కూర్చుంది. తన జర్మన్ మీద తనకే నమ్మకం లేదు. "ఆ సున్నా కింద సంతకం నాది. సున్నా నాది కాదు" అంది. అంతే, గొంతు తెగింది. అధ్యక్షుడు మైకు కట్టేశాడు. ఆమె ఆపలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. అప్పుడు చీకటిగా ఉన్న గళ్లు ఒక్కొక్కటే వెలిగాయి. నబీల్, అమా, లిన్, క్వామె, చివరికి శశాంక్. అందరి చేతుల్లో అట్టలు, అట్టల మీద వాళ్లు చూసిన అంకెలు, సిరాతో. తరువాత పల్లెవాళ్ల గళ్లు. వాళ్లూ అట్టలు పట్టుకున్నారు: 'గాలి కూలీలం కాము.' ఒక్కరి మాటా బయటికి రాలేదు. అంతమంది నోళ్లు మాత్రం కదిలాయి. అధ్యక్షుడు సభ ముగిసిందన్నాడు. తెర నల్లబడింది.

అనుమతి మీద నిర్ణయం వాయిదా పడింది. 'ప్రయోగం' మాత్రం శనివారం జరుగుతుందన్నారు.

మళ్లీ మెట్ల సభ. శనివారం పల్లెవాళ్లు పతంగులకు అడ్డం నిలబడబోతున్నారు. వాళ్లతో ఆరుగురూ పోతే ఆరుగురి వీసాలకూ ముప్పే. పల్లెవాళ్లకు హక్కుంది, అది వాళ్ల ఊరు. కానీ పక్షుల గుంటలు ఎక్కడున్నాయో, ఎక్కడ అడుగు పెట్టకూడదో వాళ్లకు తెలియదు. "ఒక్కరు పోవాలె. నేనే పోత" అంది భానుప్రియ. శశాంక్ పైనుంచి తన మందపాటి చేతితొడుగులు కిందికి విసిరాడు. "జాగ్రత్తే" అన్నాడు.

శనివారం పొద్దున, పతంగులు లేపే మైదానం అంచున రోడ్డు మీద, పల్లె నిలబడింది. ఒక్కొక్కరూ ఒంటరిగానే, మనిషికీ మనిషికీ ఇరవై అడుగుల ఎడంతో, ముఖాలకు మాస్కులతో. బేకరీ ఆయన, బస్సు డ్రైవరు, హోటల్లో పక్కలు వేసే ఇద్దరు ఆడవాళ్లు, నలభై మంది. గుంపు కాదు కాబట్టి చెదరగొట్టడానికి లేదు. ఆ వరుస దాటితే తప్ప పతంగి లేవదు. కంపెనీవాళ్లు గంటసేపు అరిచి, పోలీసును పిలిచారు.

పోలీసు వరుసంతా నడిచాడు. అందరిదీ ఆ ఊరే. వరుసలోనే నిలబడ్డ భానుప్రియ దగ్గర ఆగాడు.

"మీ చిరునామా?"

"ఫ్రైబర్గ్."

"పదిహేను దాటింది. పని మీద వచ్చారా?"

ఆమెకు పని పోయి మూడు వారాలు. అవునంటే సరిపోయేది. ఇప్పటికే తన పేరు మీద ఒక అబద్ధం చాలనిపించింది. "లెక్కపెట్టడానికి వచ్చాను" అంది.

"తిరిగి వెళ్లండి."

"వెళ్లను."

ఆమెను తీసుకుపోయి కారు వెనకసీట్లో కూర్చోబెట్టాడు. తలుపు పడింది. అద్దం అవతల మంచు, మంచులో దూరదూరంగా మనుషులు. వీసా పోతుంది, చదువు పోతుంది, నాన్నకు ఏమని చెప్పాలి. గదిలో గడిపిన నెలలన్నిటికంటే ఒంటరిగా ఉంది ఆ సీట్లో.

అప్పుడు ఊలిగ్ జేబులోంచి కాగితం తీసింది. ఆరు పేర్లు, సర్వేలో నడిచినవాళ్లవి. "నబీల్!" అని కేకేసింది. వరుస చివరి నుంచి బేకరీ ఆయన "హాజర్!" అన్నాడు. ఆ మాట వాళ్లకు భానుప్రియే నేర్పింది. "లిన్!" "హాజర్!" పేరు పేరుకూ ఒక గొంతు లేచింది. శశాంక్ పేరుకు బస్సు డ్రైవరు పలికాడు. చివర్న ఊలిగ్ కళ్లద్దాలు తుడుచుకుని, కూడబలుక్కుని పిలిచింది.

"భా-ను-ప్రి-యా!"

నలభై మందీ పలికారు.

ముందుసీట్లో పోలీసు కాగితంపై పెన్ను గీస్తున్నాడు. అది రాయడం లేదు. బయట నిలబడీ నిలబడీ సిరా గడ్డకట్టింది. విదిలించాడు, గీశాడు. వెనక్కి తిరిగి, "మీ దగ్గర పెన్సిల్ ఉందా?" అన్నాడు.

ఉంది. కోటు జేబులో, చేతికి తగులుతూనే ఉంది.

"పెన్ను చేతిలో వెచ్చబెట్టుకోండి. ఆగుతాను" అంది భానుప్రియ. "నా పేరు సిరాతో రాయండి."

బయట ఊలిగ్ కాగితం తిప్పి, మళ్లీ మొదటి పేరు నుంచి పిలవడం మొదలుపెట్టింది.