గింజలకు గొడుగు

బెల్లం నీళ్లు ఇంకా చల్లారలేదు. మసక్క గరిటెతో ఒక చుక్క తీసి, చంటిపిల్లకు పాలు చూసినట్టు మణికట్టు మీద వేసుకుంది. ఊహూఁ, ఇంకాస్త ఆగాలి. వేడి నీళ్లలో ఆ నల్లపొడి కలిపితే అందులోని సూక్ష్మజీవులు ఒక్కటీ మిగలవు. అవి బతికుంటేనే కదా, జొన్న వేళ్లను పట్టుకుని, గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా అందించేది!

ఆ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో విత్తనాలకు ఈ పొడి పట్టించడమే ఆమె పని. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ మసి పూసినట్టు నల్లగా ఉంటాయి కాబట్టి మసక్క. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆమెకూ ఆ బెంగ లేదు. ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. మధ్యాహ్నం బస్సుకు కూతురి ఊరికి వెళ్లిపోతోంది. నెల తిరిగేసరికి అమ్మమ్మ అవుతుంది. పొద్దున్నుంచీ ఆ సంతోషంతో కాలు నిలవడం లేదు.

"ఇంకా ఎంతసేపు వదినా? నేలలో పదును ఆరిపోతోంది" అన్నాడు మరిది, గింజల సంచి పక్కన చతికిలబడి.

ఈ మరిది సామాన్యుడు కాదు. "గింజలకు కాటుక పెడితే పంట పండుతుందా వదినా?" అని ఇన్నేళ్లూ ఆటపట్టించినవాడు. నిరుడు ఆమె పోరు పడలేక పొలంలో ఒక మూల ఈ గింజలు వేశాడు. ఆ మూల జొన్న నిగనిగలాడుతూ పెరిగింది, కంకులు నిండుగా వచ్చాయి. ఒప్పుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయి కదా, ఒక్క ముక్క అనలేదు. ఈసారి మాత్రం చెప్పాపెట్టకుండా పొలానికంతా సరిపడా గింజలు మోసుకొచ్చాడు. ఈ పొడి ఉంది కదా అని యూరియా సగమే కొన్నాడట! ఆ మాట విన్నప్పటి నుంచీ మసక్క చుక్క చుక్కా చూసుకుంటోంది. ఈ గింజల్లో ఏ కాస్త తేడా వచ్చినా, ఏడాదంతా ఆ ఇంట్లో తిండికి కటకటే.

"చెయ్యి ఇటివ్వు" అని అతని మణికట్టు మీద ఒక చుక్క వేసింది.

"అబ్బా, కాలుతోంది!"

"నీకే కాలితే వాటి గతేంటి? కంటికి కూడా కనపడని ప్రాణాలు. కూర్చో."

చల్లారాక పొడి కలిపి గింజల మీద పోసింది. రెండు అరచేతులతో నలగకుండా కిందా మీదా చేస్తుంటే తెల్లటి జొన్నలన్నీ నల్లబడ్డాయి. ఇక నీడలో ఆరాలి. అక్కడొచ్చింది చిక్కు. మార్చడానికని పాక మీది రేకులు నిన్ననే విప్పేశారు. సూర్యుడు నేరుగా లోపలికొచ్చి కూర్చున్నాడు. ఎండ తగిలితే ఇంత పనీ దండగే.

మసక్క తన గొడుగు విప్పి మరిది చేతికిచ్చింది. "పట్టుకో. నీడ జరిగితే నువ్వూ జరుగు."

గోనెపట్టా మీద గింజలు చల్లగా ఆరుతున్నాయి. మరిది మాడు మాడిపోతోంది. అటుగా వెళ్తున్న ట్రాక్టర్ డ్రైవర్ బండి ఆపి మరీ నవ్వాడు.

"ఏమన్నా, ఈ ఉద్యోగం ఎప్పుడొచ్చింది?"

"మా వదిన ఇప్పించింది. నీకూ కావాలా?" అని ఉడుక్కున్నాడు మరిది. మసక్క కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

గింజలు ఆరాక ఆమె చేతులు కడుక్కుంది. గోళ్లలో నలుపు పోలేదు, పోకపోతే పోయిందిలే అనుకుంది. తోటి పనివాళ్లందరికీ వెళ్లొస్తానని చెప్పి, చేతిసంచి తగిలించుకుని మరిదితో పాటు పొలానికి నడిచింది. దారి పొడుగునా సంచికి గొడుగు పట్టింది.

అతను కాసిని గింజలు కండువా ఒడిలో పోసుకుని సాళ్లలో వేయసాగాడు. మిగిలినవి గట్టు మీద పెట్టాడు. మసక్క గొడుగు కర్రను మట్టిలో గుచ్చి ఆ సంచికి నీడ చేసింది.

సాలు చివర అతను ఆగాడు. ఆమె వైపు చూడలేదు. "వదినా, నిరుడు ఆ మూల... బ్రహ్మాండంగా పండింది."

మసక్క గొడుగు కర్రను ఇంకాస్త లోతుగా గుచ్చింది. ఎన్నాళ్లకు విన్నది ఆ మాట!

"వచ్చే ఏడు ఎవరు కలుపుతారు?" అన్నాడతను, ఈసారి దిగులుగా.

"నువ్వే. నీకు మణికట్టు లేదూ?"

బస్సు వేళయింది. ఆమె చేతిసంచి తీసుకుని బాట పట్టింది.

"వదినా, గొడుగు! ఎండ మండిపోతోంది!"

"ఎండకు చచ్చేవి అవి, నేను కాదు!" అని అరిచి, నవ్వుకుంటూ రోడ్డు మలుపు తిరిగింది.

గట్టు మీద, ఒక ఊచ వంగిన ఆ పాత గొడుగు సగమైన సంచికి నీడనిస్తూ, గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది.