చెల్లెలి తరగతిలో

సాలీకా టీచరు మే నెలలో ఆ మాట అన్నప్పుడు తల్లి బురుల్‌కి అది మేలుగానే తోచింది. పెద్దకూతురు ఐచురోక్‌కి అక్షరాలు నిలవడం లేదు. మాట్లాడబోతే నాలుక తడబడుతుంది. ఇంకో ఏడాది రెండో తరగతిలోనే ఉంచితే నిలదొక్కుకుంటుందని, చెల్లెలు నూర్‌పెరి కూడా అదే తరగతికి వస్తుంది కాబట్టి తోడుంటుందని టీచరు నచ్చజెప్పింది.

సెప్టెంబరులో అక్కచెల్లెళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. టీచరు అక్కను అడిగితే చెల్లెలు జవాబు చెప్పేది. మొదట్లో టీచరు వారించింది, తర్వాత ఊరుకుంది. పాఠం నిరుటిదే, చెప్పే తీరూ నిరుటిదే. మంచు పడేనాటికి ఇంట్లోనూ అదే వరస. టీ పోయనా అని తల్లి అడిగితే పెద్దది చెల్లెలి మొహం చూసేది. "దానికి వద్దంటమ్మా" అనేది చిన్నది. ఇంట్లో గోల తగ్గిందని తండ్రి జెక్షెన్ నవ్వాడు. బురుల్‌కి నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం నూర్‌పెరి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, గుర్రం అక్క కాలు తొక్కింది."

పాకలో డెక్క కింద పాదంతో ఐచురోక్ నిలబడి ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నోరు మాత్రం మూసే ఉంది. ఎప్పటినుంచి అలా నిలబడి ఉందో ఎవరికీ తెలియదు.

పాదం మానింది. వసంతంలో టీచరు బురుల్‌ని బడికి పిలిపించి, పిల్ల ఇప్పుడు ఎంతో నెమ్మదించిందని, ఇంకో ఏడాది రెండో తరగతిలోనే ఉంచుదామని అంది.

"నెమ్మది కాదక్కా. అరవడం మర్చిపోయింది. దాని ఈడు పిల్లల్లో కూర్చోబెట్టు. రోజూ కాసేపు విడిగా చెప్పు."

"మూడు చదవకుండా నాలుగో తరగతిలోనా? అందుకోలేదు బురుల్. అప్పుడు చదువు రాని పిల్లల్ని ఏరే కమిటీవాళ్లు, అలాంటి పిల్లలకని పట్నంలో ఉన్న హాస్టలు బడికి పంపేస్తారు."

"ఇక్కడే ఉంచితే పంపరా?"

సాలీకా కిటికీలోంచి బయటికి చూసింది. ఇక్కడ ఉంచినా పంపుతారని బురుల్‌కి అర్థమైంది. అక్కడినుంచి నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆయన సరేననేదాకా లేవలేదు. చలికాలం దాకా చూద్దాం, ఆపైన నా చేతిలో లేదు అన్నాడాయన.

బడి తెరిచిన రోజున బురుల్ నాలుగో తరగతి కిటికీ బయట నిలబడింది. లోపల ఐచురోక్ పేరు పిలిచారు. పిల్ల పక్కకి తిరిగి చెల్లెలి కోసం వెతికింది. మళ్లీ పిలిచారు. పిల్లలంతా తిరిగి చూశారు.

"ఉ... ఉన్నా" అంది ఐచురోక్, బొంగురు గొంతుతో.

బురుల్ గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. ఎదురుగా కనుమ మీద అప్పుడే చలికాలపు తొలి మంచు తెల్లగా పేరుకుని ఉంది.