స్టాపు కాని చోట

బయల్దేరినప్పటి నుంచీ సముద్రం ఎడమ పక్కనే ఉంది. పొద్దున బూడిదరంగులో, మధ్యాహ్నం కళ్ళు మిరుమిట్లు గొలిపేలా, కిటికీ అద్దంలోంచి కనబడుతూనే ఉంది. దర్జీ ఆవిడకు మాత్రం అందులో కాలు పెట్టే యోగం ఇంకా పట్టలేదు. అందుకు కారణం స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

ఆ కారణం ముందే ఆవిడ మెడ వంచి తాళి కట్టించుకుంది. ఆయన ఉద్యోగమంతా ఈ తీరం రోడ్డు మీదే బస్సు నడిపి, మొన్ననే రిటైరయ్యాడు. వీడ్కోలు కానుకగా డిపోలో తోటివాళ్ళు ఒక క్యారవాన్ అద్దెకు మాట్లాడి ఇచ్చారు. లోపల మంచం, పొయ్యి, అంట్లు తోముకునే తొట్టి, మధ్యలో ఒక తెర. "ఇల్లాలిని తీసుకుని హాయిగా తిరిగి రావయ్యా" అన్నారు. అనడానికి వాళ్ళదేం పోయింది? సీజన్లో ఈ రోడ్డు మీద బండి తీయనంటే తీయనని ఆయన భీష్మించుకోబట్టి, జనమంతా వెళ్ళిపోయాక, గాలి తప్ప ఇంకేమీ లేని కాలంలో బయల్దేరారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ కోరిక ఒక్కటే. సముద్రంలో మోకాళ్ళ దాకా దిగి నిలబడాలి. నగలడిగిందా, మేడలడిగిందా? కానీ జనం సముద్రానికి పోయేది బడి సెలవుల్లో. ఊళ్ళో పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టాల్సిందీ ఆ సెలవుల్లోనే. ఆయన ఊరందరినీ ఎక్కించుకుని సముద్రానికి తీసుకుపోతుంటే, ఆవిడ ఇంట్లో కూర్చుని నిక్కర్లకు గుండీలు కుట్టేది. "వచ్చే ఏడు తీసుకెళ్తాలేవే" అనేవాడు. ఆ వచ్చే ఏడు వచ్చిన పాపాన పోలేదు. ఆయన మాత్రం రోజూ సముద్రాన్ని అనుభవించి, ఉతకమని ఉప్పువాసన చొక్కాలు తన మొహాన కొడుతున్నాడని ఆవిడకు లోపల ఒకటే మంట.

రేపు పొద్దున బండి అప్పగించేయాలి. ముందున్న కొండ మలుపు దాటితే రోడ్డు సముద్రాన్ని వదిలేసి లోపలికి తిరిగిపోతుంది. ఈ సాయంత్రం దిగితే దిగినట్టు, లేకపోతే ఇక ఈ జన్మకింతే అని ఆవిడ తేల్చేసుకుంది.

అడగలేదా అంటే, నోరు నొప్పి పుట్టేలా అడిగింది.

"ఏవండీ, ఆ ఇసక చూడండి, పురుగు కూడా లేదు. కాసేపు ఆపండి."

"అక్కడ స్టాపు లేదు."

"మనది బస్సు కాదండీ!"

"కాకపోతే మాత్రం? అది మలుపు. అక్కడే ఓ లారీవాడు నా అద్దం ఊడగొట్టి పోయాడు."

దారి పొడవునా ఇదే వరస. ఈ వంతెన మీద టైరు పేలింది, ఆ చెట్టు దగ్గర ఇంజను ఉడికింది. అందమైన చోటు ఒక్కటీ ఆయనకు గుర్తులేదు. ఆపితే బస్సు స్టాపులోనే ఆపుతాడు. బస్సు ఎంతసేపు ఆగుతుందో అంతసేపే ఆపుతాడు. ఖాళీ షెల్టరు వైపు చూసి, అద్దంలో వెనక్కి చూసి, ఎక్కేవాళ్ళు లేరని రూఢి చేసుకుని మరీ కదులుతాడు.

ఆ పొద్దున ఒక స్టాపులో ఆపినప్పుడు ఆవిడ టీ పెట్టి, కోడిగుడ్డును పెనం అంచు మీద టక్ టక్‌మని కొట్టింది. అంతే, బండి కదిలింది. టీ ఆవిడ కాళ్ళ మీద ఒలికింది. గుడ్డు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

"చెప్పా పెట్టకుండా ఎందుకు తీశారండీ?"

"రెండు కొట్టావుగా!" అన్నాడాయన, తప్పంతా ఆవిడదే అన్నట్టు. కండక్టరు బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొడితే పొమ్మని అర్థం. ఆ చప్పుడు వినబడితే ఆయన బుర్రను అడక్కుండానే కాలు పనిచేస్తుంది.

"నేను కొట్టింది గుడ్డు! నేను మీ కండక్టర్ని కాదు, పెళ్ళాన్ని!"

అప్పటితో ఆవిడ మాట్లాడటం మానేసింది. తెర లాగేసి వెనక మంచం మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఆయన తన పాటికి తాను గోతులూ మలుపులూ వర్ణించుకుంటూ పోతున్నాడే గానీ, ఇటువైపు నుంచి ఊకొట్టే దిక్కు లేదని గమనించనే లేదు. అలిగిన సంగతి మొగుడికి తెలియకపోతే ఆ అలక ఎందుకు, కాల్చనా?

కొండ మలుపుకు ముందు చిట్టచివరి స్టాపు వచ్చింది. బండి ఆగింది. షెల్టరు పక్కనుంచి ఇసకలోకి మెట్లున్నాయి. ఆవిడ వెనక తలుపు తీసుకుని దిగి, కోపమంతా చేతిలోకి తెచ్చుకుని ధడాల్న తలుపు వేసింది. గడియ పడక తలుపు ఎగిరి, గాలికి మళ్ళీ వచ్చి ధడేల్‌మంది.

రెండు దెబ్బలు.

బండి వెళ్ళిపోయింది. వెనక ఒక్క వాహనమైనా లేని రోడ్డు మీద ఇండికేటరు వేసి మరీ వెళ్ళిపోయింది. "ఏవండీ!" అన్న కేక సగంలోనే గాలికి కొట్టుకుపోయింది. ఫోనేమో బండిలో చార్జింగుకు పెట్టి ఉంది.

మూసేసిన ఐస్‌క్రీం కొట్టు తలుపుకు రంగు వేస్తున్న ఒకావిడ తిరిగి చూసింది.

"సీజను వచ్చేదాకా ఇక్కడికి బస్సు రాదమ్మా."

"ఆ సంగతి నాకు తెలీదా? మా ఆయన బస్సు డ్రైవరే!" అని కసిరి, ఆవిడ మెట్లు దిగింది.

ఇసకలో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు కట్టేశారు. మనిషన్నవాడు లేడు. చెప్పులు విప్పి, బట్టలు మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని నడిచింది. మొదటి అల పాదాలకు తగలగానే కెవ్వుమని రెండడుగులు వెనక్కి వేసింది. ఎంత చల్లగా ఉందో! రెండో అల పిక్కల దాకా వచ్చింది. వెనక్కి పోతూ పోతూ మడమల కింద ఇసకను లాక్కుపోతుంటే, పడిపోతానేమోనని భయమేసి, పడిపోనందుకు పకపకా నవ్వొచ్చింది. ఒక్కతే నిలబడి నవ్వింది. అక్కడ వండిపెట్టమనేవాళ్ళు లేరు, త్వరగా కుట్టిమ్మనేవాళ్ళు లేరు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడకు ఇంత సుఖం ఎప్పుడూ దొరకలేదు.

అందుకే, ఎర్రబడుతున్న ఎండలో మలుపు తిరిగి వస్తున్న బండిని చూడగానే ఆవిడ గుండె గతుక్కుమంది. అప్పుడే వచ్చేశాడా అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడాల్సి వచ్చినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

ఆయన బండిని అడ్డదిడ్డంగా, సగం రోడ్డు మీదే వదిలేసి, బూట్లతో ఇసకలో పడుతూ లేస్తూ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొండవతల ఆఖరి స్టాపొచ్చింది, దిగవే అంటే పలకవు. తెర తీస్తే నువ్వు లేవు. నా పైప్రాణాలు పైనే పోయాయే!"

"పొద్దున్నుంచీ నేను మీతో మాట్లాడటం లేదు. అదైనా తెలిసిందా?"

"పడుకున్నావనుకున్నా. పద, ఎక్కు."

"నేను రాను. ఇన్నేళ్ళూ మీరొక్కరే అనుభవించారు. ఈ ఒక్క పూటా నన్నొదిలెయ్యండి."

"నేనా? ఏం అనుభవించాను?"

"ఈ సముద్రం!"

ఆయన నీళ్ళకేసి చూశాడు. ఒక అల బూట్ల దాకా వచ్చేసరికి గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. కొత్తవాళ్ళు వేసే అడుగులవి. ఇందాక ఆవిడా అలాగే వేసింది.

"మీరు... ఎప్పుడూ దిగలేదా?"

"నేను దిగితే బస్సెవరు తీస్తారే?"

ఆ మాటలో ఫిర్యాదేమీ లేదు. బస్సు వేళలు అడిగినవాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆవిడ జాగ్రత్తగా దాచుకున్న కోపం, తీరా వాడుకునే వేళకు ఎవరి మీద వాడాలో తెలియకుండా పోయింది.

"బూట్లు విప్పండి" అంది.

ఆయన వంగబోయాడు. ఇన్నాళ్ళూ సీటులోనే బిగుసుకుపోయిన నడుము సగం దాకా వంగి మొరాయించింది. ఆవిడ నీళ్ళలోంచి వచ్చి ఆయన ముందు ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది. పెడల్‌కు చిక్కుకోకుండా ఆయన బూట్ల తాళ్ళను ముడి మీద ముడి వేసి బిగించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆవిడకు ఏ ముడి ఎక్కడుందో కనబడలేదు.

"ఇలాగేనా ముళ్ళు వేసేది?" అని తిట్టింది. "బుద్ధుందా అసలు మీకు? కాలు కదపకండి, ఉండండి."